గొరిల్లా ఎదుట మెలగవలసిన పద్ధతి

"గొరిల్లాకి తోకుంతాదేటే?" అని అడిగాడు అప్పలనరసింహం, పనసపొట్టు కూరలో అన్నం కలుపుకుంటూ.

త్రిపురసుందరి నెయ్యిగిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆ పనసకాయను పొద్దున్న ఏడింటికి చేతులకు నూనె రాసుకుని మొదలుపెట్టింది. తొక్క చెక్కి, కత్తితో పొట్టుగా కొట్టి, ఉడికించి, పోపులో వేసి, ఆవ పెట్టేసరికి పదకొండయింది. కూర బాగుందని ఆయన అనలేదు. అనకపోతే బాగున్నట్టే. బాగులేకపోతే ఆ సంగతి కాశీబుగ్గ దాకా వినబడుతుంది.

"ఉండదండీ" అంది.

"మరి కోతే గదేటి?"

"కోతి కాదు. మనిషికి దగ్గరి చుట్టం."

"ఎవులికి? మీవోల్లకా, మావోల్లకా?" అని తన హాస్యానికి తనే తృప్తిగా నవ్వుకుని, మజ్జిగ పొయ్యమని విస్తరి వైపు చూపించాడు. "ఇంకేటైనా ఉంటే బేగి సెప్పీ. సాయంత్రం ఎవుడైనా అడిగితే తడుముకోకూడదు గదా."

సాయంత్రం ఆయనకు సన్మానం. 'ఆఫ్రికా ఖండపు మహారణ్యాలలో పర్వత గొరిల్లాలను దర్శింపనున్న ప్రకృతి ప్రేమికులు, జంతుశాస్త్ర జిజ్ఞాసువులు' అని కరపత్రాలు పంచారు. స్టేషను రోడ్డులోని క్లబ్బువారు దండ వేసి, శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమని అడగబోతున్నారు. ఆ రెండు ముక్కలూ సుందరి నిన్ననే రాసి ఇచ్చింది. కరపత్రంలో 'జిజ్ఞాసువులు' అన్న మాట కూడా ఆమెదే. ప్రెస్సులో రెండుసార్లు తప్పు పడితే రెండుసార్లూ దిద్ది పంపింది. గొరిల్లాకు తోక ఉంటుందో లేదో తెలియని జిజ్ఞాసువుకు ఇప్పుడు మజ్జిగ పోసి, ఊరమిరపకాయ అందించింది.

ఇదంతా ఉత్తరాలతో మొదలైంది. అప్పలనరసింహానికి కాశీబుగ్గలో జీడిపిక్కల కార్ఖానా ఉంది. ఉద్దానం తోటల్లో పిక్కలు చాలని నెలల్లో ఆఫ్రికా పిక్కలు తెప్పించాలి. అందుకు మొంబాసాలో ఉన్న ఒక గుజరాతీ షావుకారుకు ఇంగ్లీషులో రాయాలి. అప్పలనరసింహం చదువు ఫోర్తు ఫారంతో ఆగింది. సుందరి బి.ఎస్సీ., జంతుశాస్త్రం. పదేళ్ళ కిందట పెళ్ళిచూపుల్లో ఆమెను పాట పాడమనలేదు. ఒక వ్యాపారపు ఉత్తరం ఇంగ్లీషులో రాసి చూపించమన్నారు. ఆ రోజున అది తన చదువుకు జరిగిన మర్యాద అనుకుని ఇచ్ఛాపురంలో ఉన్న పిన్నికి కూడా గొప్పగా చెప్పుకుంది. కాపరానికి వచ్చాక తెలిసింది, పెళ్ళిచూపుల ముందు వారమే ఆ కార్ఖానా గుమస్తా మానేశాడని.

అప్పటినుంచి ఒకే పద్ధతి. ప్రతి సోమవారం పొద్దున్న అప్పలనరసింహం కంపెనీ పేరు అచ్చువేసిన తెల్లకాగితాలు పదిహేను తీసుకుని, వరసగా అడుగున సంతకాలు గీకేసి, సోంపేటకో వజ్రపుకొత్తూరుకో పిక్కల బేరానికి వెళ్ళిపోతాడు. ఆ సంతకాల పైన ఉన్న ఖాళీ జాగా అంతా సుందరిది. వంట అయ్యాక, అత్తగారికి కాళ్ళకు తైలం రాశాక, బేరగాళ్ళకు కాఫీలు పంపాక, ఆ ఖాళీ నింపాలి. ఇంటిపని పనికింద లెక్కలోకి రాదు. ఉత్తరాలు పనికిందే వస్తాయి గాని, అది ఆయన పని. "మా వోడు రేత్రీ పగలూ ఉత్తరాలు రాసి రాసి నీరసపడిపోతన్నాడు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరితోనూ అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. అడుగున ఎవరి పేరుంటే వాళ్ళే రాశారనుకోవడం లోకమర్యాద.

రెండేళ్ళ కిందట మగ్దలీన దగ్గరినుంచి ఒక ఉత్తరం వచ్చింది. మగ్దలీన టెక్కలి మిషను కాంపౌండులో పుట్టిన పిల్ల. విశాఖపట్నం హాస్టల్లో సుందరితో ఒకే గదిలో ఉండి, ఒకే కప్పను ఇద్దరూ కోసినవాళ్ళు. మొగుడు దానియేలుకు యుగాండా దేశంలో కబాలే అనే కొండ ఊరి ఆసుపత్రిలో కాంపౌండరు ఉద్యోగం వస్తే, ఆమె అక్కడే బాలికల పాఠశాలలో టీచరుగా చేరింది. 'ఇక్కడికి దగ్గరలో కిసోరో అని ఊరుంది. దాని వెనక నిప్పు చల్లారిన మూడు కొండలు. వాటిమీద వెదురు అడవిలో గొరిల్లాలు సంసారాలు చేసుకుంటున్నాయి. ఒక దొర అక్కడ చిన్న బస పెట్టి, చూడాలనుకున్న వాళ్ళకు కొండ దారి తెలిసిన మనుషులను ఇచ్చి పంపుతున్నాడు. రోజుకో కొత్త పక్క వేసుకుని పడుకుంటాయట. తెల్లారేసరికి వదిలేసి పోతాయట. ఎవరూ మడతపెట్టక్కర్లేదు' అని రాసింది. ఆ చివరి వాక్యం చదివి సుందరి వంటింట్లో ఒక్కతే చాలాసేపు నవ్వుకుంది. నవ్వు అయిపోయాక గుండెలో ఏదో మిగిలిపోయింది. దానికి పేరు పెట్టడానికి రెండు రోజులు పట్టింది. చూడాలని ఉంది. అంతే.

ఆ సోమవారం మొంబాసా షావుకారుకు పిక్కల తేమ గురించి రాస్తూ, కాగితంలో ఇంకా నాలుగు వేళ్ళ జాగా మిగిలితే, భర్త సంతకం పైన చిలిపిగా ఒక ప్రశ్న పెట్టింది. యుగాండా కొండల్లో గొరిల్లాల గురించి తమకేమైనా తెలుసునా? అని. షావుకారు నాలుగు పేజీలు రాశాడు. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ధర తప్ప వేరే సంగతి అడిగిన మొదటి ఖాతాదారు తమరేనన్నాడు. ఆమె జవాబు రాసింది. ఆయన మళ్ళీ రాశాడు. ఏడాది తిరిగేసరికి, 'తమవంటి రసికులు ఒకసారి స్వయంగా దయచేయాలి. టాంగన్యికా తోటల్లో పిక్కలు చూడండి, తరవాత గొరిల్లాలను చూడండి, రానూపోనూ ఏర్పాట్లు నావి, మీ ఇంటివారిని కూడా తీసుకురండి' అని పిలుపు.

సుందరి చదివి వినిపిస్తే అప్పలనరసింహం, "నన్నెందుకే పిలుత్తన్నాడు?" అన్నాడు.

"మీ ఉత్తరాలు నచ్చాయట."

"నచ్చవేటి మరి" అన్నాడాయన, మీసం సవరించుకుంటూ.

'మీ ఇంటివారిని కూడా' అన్న మాటను ఆమె రెండోసారి చదివింది. "సూద్దాంలే" అన్నాడు. ఆ ఇంట్లో 'సూద్దాంలే' అంటే ఏమిటో ఆమెకు తెలుసు. తెలిసీ ఔననే అనుకుంది. ఆశ అంత చదువుకున్నదాన్ని కూడా అంత తెలివితక్కువదాన్ని చేస్తుంది.

ఆనాటినుంచి ఒక నోటుబుక్కు మొదలుపెట్టింది. బొంబాయిలో ఓడ ఏ నెలలో ఎక్కితే సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మొంబాసా నుంచి కంపాలాకు రైలు ఎన్ని పగళ్ళు, అక్కడినుంచి కబాలేకు బస్సు, కబాలే నుంచి కిసోరోకు మెలికల దారి, పచ్చజ్వరం టీకా ఎన్నాళ్ళ ముందు వేయించుకోవాలి, దురదగొండి ఆకులకు ఎలాంటి మేజోళ్ళు, వానకు ఎలాంటి కోటు, గొరిల్లా నడిచిన దారి ఎలా గుర్తుపట్టాలి, పేడ వెచ్చగా ఉంటే ఎంత దూరంలో ఉన్నట్టు. షావుకారు, మగ్దలీన, కిసోరో దొర, ముగ్గురినీ అడిగి అడిగి, నూట పది పేజీలు ఇంగ్లీషులో నింపింది. రెండు మంచాలున్న గది ఒకటి అట్టేపెట్టమని కిసోరోకు రాసింది.

మిగిలింది కాళ్ళు. అక్కడ ఎనిమిదివేల అడుగుల ఎత్తున బురదలో ఐదారు గంటలు ఎక్కాలి. సుందరి కాళ్ళు పదేళ్ళుగా వంటింటికీ పెరటి నూతికీ మధ్య తిరిగినవి. కొండ ఎక్కుతానంటే ఎవరు పోనిస్తారు? అందుకని శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతానని మొక్కు ఉందంది. మొక్కు అంటే ఆడదానికి అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. ఏం మొక్కు అని అత్తగారు అడగలేదు. అడక్కుండానే తనకు తెలుసనుకుంది. "ఎల్లమ్మా ఎల్లు. ఆ శివయ్యే నీ కడుపు పండించాల" అని స్వయంగా అటుకులు మూటగట్టి ఇచ్చింది. పిల్లలు లేకపోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఈ పదేళ్ళలో సుందరికి చెప్పనివాళ్ళు లేరు. ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. మందస దాకా బస్సులో వెళ్ళి, మొక్కులున్న ఆడవాళ్ళ గుంపుతో కలిసి కొండెక్కింది. సగం దూరంలో మోకాళ్ళు ఏడ్చాయి. వాటి మాట వినలేదు. పైకి చేరి, దూరాన సన్నగా తళుక్కుమంటున్న సముద్రాన్ని చూసి, ఇది దాటాలి కదా అనుకుంది. పిల్లల సంగతి శివుడితో ఎత్తనే లేదు.

ఈలోగా ఊరు ఊరంతా తెలిసిపోయింది, అప్పలనరసింహంగారు గొరిల్లాలను చూడబోతున్నారని. ఆయనకు కూడా మెల్లమెల్లగా తెలిసింది, తనకు గొరిల్లాలంటే చిన్నప్పటినుంచీ ఇష్టమని.

సాయంత్రం క్లబ్బు వరండాలో ఆడవాళ్ళకు తెర కట్టి బెంచీలు వేశారు. సుందరి తెర సందులోంచి చూస్తూ కూర్చుంది. ఆయన ఆమె రాసిన రెండు ముక్కలూ బాగానే చదివాడు. "దట్టమైన వెదురుపొదల మాటున, మంచుతెరల చాటున" అన్నచోట గొంతు కూడా వణికించాడు. చప్పట్లు కొట్టారు. సుందరి పెదవులు ఆయనతోపాటే కదిలాయి. అంతవరకూ ఆమెకు కోపం లేదు. నాటకం రాసినవాళ్ళకు తెర వెనక ఉండడం అలవాటే.

తరవాత ప్రశ్నలు. సబ్ రిజిస్ట్రారుగారు లేచి, "గొరిల్లా ఏం తింటుందండీ?" అన్నాడు.

"మేకల్నండి" అన్నాడు అప్పలనరసింహం తడుముకోకుండా. "ఆకలేస్తే గేదిని కూడా ఒగ్గదండి."

గొరిల్లా ఆకులు తింటుంది. వెదురు మొలకలు తింటుంది, అడవి దుంపకూర తింటుంది. నలభయ్యో పేజీలో ఉంది. సుందరి తెర అంచును పిడికిట్లో పట్టుకుంది. పక్కనున్న పోస్టుమాస్టరుగారి భార్య ఆమె మోచెయ్యి గిల్లి, "మీ ఆయనకి ఎంత గుండె ధైర్యమండీ!" అంది.

చివర స్టేషనుమాస్టరు నవ్వుతూ అడిగాడు: "అమ్మగారిని కూడా తీసుకెళ్తున్నారాండీ?"

అప్పలనరసింహం శాలువా సర్దుకున్నాడు. "మనం ఎల్తన్నది గొరిల్లాని సూడ్డానికండి. గొరిల్లాకి సూపించడానికి కాదు గదా!"

క్లబ్బు పగిలిపోయేలా నవ్వారు. తెరకు అవతల మగవాళ్ళు నవ్వారు, సరే. తెరకు ఇవతల ఆడవాళ్ళు కూడా నవ్వారు. పోస్టుమాస్టరుగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. సుందరి ముఖం నవ్వడానికి సిద్ధపడుతూ ఉండగా ఆమె దాన్ని ఆపుకుంది. పదేళ్ళుగా ఇలాంటి మాటలకు నవ్వి నవ్వి, ఆ ముఖానికి అది దానంతట అదే వచ్చేస్తోంది.

"మా బావ నాగభూషణం వత్తన్నాడండి నాతోటి" అన్నాడు ఆయన. అప్పలనరసింహం అక్క మొగుడు నాగభూషణం ముందువరసలోంచి లేచి, నలుదిక్కులా నమస్కారాలు పెట్టాడు. అతని కోసం రెండో దండ ముందే తెప్పించి ఉంచారు. అంటే ఊళ్ళో పూలకొట్టువాడికి కూడా తెలిసిన సంగతి తనకు తెలియదన్నమాట.

ఇంటికి వచ్చాక ఆమె ఆయన చేతిలోని శాలువా తీసుకుని మడతపెట్టి, అప్పుడు అడిగింది. "నేను రావడం లేదాండీ?"

"నువ్వెందుకే? కొండలూ, బురదలూ, జలగలూ. పైగా ఆ పాసుపోర్టు కాయితంలో నీ పేరు కొట్టీసేను గదా. సూసుకోలేదేటి?"

ఆ దరఖాస్తు నింపింది ఆమే. భార్య పేరు, వయస్సు రాయవలసిన చోట తన పేరు అందంగా గుండ్రని అక్షరాలతో రాసి, కవరులో పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని కొట్టేసి పోస్టు చేశాడు. ఆ ఏడాది మొత్తంమీద ఆయన సొంతంగా గీసిన గీత అదొక్కటే.

"ఇంట్లో పెద్దదాన్ని నన్నొగ్గేసి ఎలా ఎల్తావమ్మా?" అంది అత్తగారు పడకకుర్చీలోంచి. "ఆల్లంటే మగోల్లు. ఎక్కడ పడితే అక్కడ తింతారు, ఎక్కడ పడితే అక్కడ పడుకుంతారు."

"నేను కొండెక్కానండీ. మహేంద్రగిరి ఎక్కాను. వీరిద్దరూ మేడమెట్లు ఎక్కితేనే ఆయాసపడతారు."

అప్పలనరసింహం గట్టిగా నిట్టూర్చాడు, మూర్ఖురాలికి ఓపిగ్గా నచ్చజెప్పేవాడిలాగా. "అది కాదే. నువ్వు అంతా సదివీసావు. ఏ సెట్టు ఎక్కడుందో, ఏ జంతువు ఏటి తింతాదో అన్నీ నీకు తెలుసు. నీకు సూసేసినట్టే గదేటి. ఏటీ తెల్దు, మాకు. మేం గదా సూడాల!"

చదివినవాళ్ళకు చూసే అక్కర లేదు, వండినవాళ్ళకు తినే అక్కర లేదు, రాసినవాళ్ళకు సంతకం అక్కర లేదు. న్యాయం ఎంత గుండ్రంగా ఉందంటే ఎక్కడ పట్టుకుని అడగాలో తెలియలేదు. అరవాలనిపించింది. అరిస్తే, చూశారా, ఇలాంటిదాన్ని ఓడెక్కిస్తే ఎలా అంటారు. ఊరుకుంటే, ఒప్పేసుకుందంటారు. ఆమె శాలువా తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది.

మూడోనాడు నాగభూషణం వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, "సెల్లెమ్మా, నువ్వు రాసిన ఆ పుస్తకం తిరగేసేనమ్మా. అంతా ఇంగిలీసే. కాస్త తెలుగులో రాసిచ్చీ. పెద్ద పెద్దచ్చరాలతోటి రాయి, నాకు సత్వారం వచ్చింది గదా" అన్నాడు. "బేగి రాసీమ్మా. ఓడలో సదువుకుంతాను, తోచదు గదా."

"రాత్తాది, రాత్తాది. దానికదెంత పని" అన్నాడు అప్పలనరసింహం.

రాసింది. మధ్యాహ్నం పూట వంటింటి గుమ్మంలో పీట వేసుకుని రాసింది. మొదటి నాలుగు రోజులూ రోజుకు పది పేజీలు సాగాయి. ఓడలు, రైళ్ళు, టీకాలు, మేజోళ్ళు. తను తొడుక్కోవలసిన కోటును ఇంకొకరి కొలతకు కత్తిరిస్తున్నట్టుండేది. ఐనా చెయ్యి ఆగలేదు. చెప్పిన పని చెయ్యడం చేతికి అలవాటైపోయింది. అది మనసును అడగదు.

ఐదోనాడు నలభై ఆరో పేజీ వచ్చింది. 'గొరిల్లా ఎదుట మెలగవలసిన పద్ధతి' అని తెలుగులో శీర్షిక పెట్టింది. కిసోరో కొండల్లో దారి చూపే మనుషులు చెప్పినవి, మగ్దలీన వాళ్ళను అడిగి రాసి పంపినవి అవన్నీ. ఒక్కొక్కటే దించుకుంటూ పోయింది.

పెద్ద మగజంతువు కళ్ళలోకి సూటిగా చూడరాదు. తల దించుకోవలెను. అతను కూర్చున్నప్పుడు తాము అంతకన్న ఎత్తులో నిలబడరాదు, కింద చతికిలబడవలెను. గొంతు పెంచరాదు. నవ్వినప్పుడు పళ్ళు కనబడరాదు. అతను తింటుండగా దగ్గరికి పోరాదు, తినడం ముగిసేవరకు వేచి ఉండవలెను. అతను కదిలినప్పుడు దారి ఇవ్వవలెను. ఏదో ఒక పనిలో ఉన్నట్టు, ఆకులు ఏరుకుంటున్నట్టు కనబడడం క్షేమం.

కలం ఆగిపోయింది. ఇంగ్లీషులో ఉన్నంతకాలం ఇది జంతుశాస్త్రం. ఇన్ని నెలలుగా ఎన్నిసార్లు చదువుకుందో, అప్పుడు ఇందులో వింతేమీ కనబడలేదు. తెలుగులోకి వచ్చేసరికి అత్తగారి గొంతు వినబడింది. "ఆడు తింతన్నప్పుడు కబుర్లెట్టకు. ఆడు కూకున్నప్పుడు ఎదురుగా నిలబడకు. పల్లు కనబడేలాగ ఆ నవ్వేటే? ఖాళీగా కూకోకు, ఏదోటి ఏరుతూ ఉండు." కాపరానికి వచ్చిన మొదటి వారం, ఇదే వరసలో. గొరిల్లా దగ్గర వీటిని పాటించవలసింది గంటసేపు. గంట అయ్యాక దారి చూపే మనిషి పదండంటాడు. ఆమెకు మాత్రం పదేళ్ళనుంచి ఎవరూ పదమనలేదు.

నాగభూషణానికి ఇవన్నీ కష్టపడి నేర్పాలి. అతను జన్మలో ఎవరి ముందూ తల దించినవాడు కాదు. అప్పలనరసింహం అయితే గొరిల్లా భోజనం చేస్తుంటే పక్కకు వెళ్ళి కూర ఎలా ఉందని అడుగుతాడు. ఈ విద్యలో పట్టా పుచ్చుకున్న మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆమెను వదిలేసి వాళ్ళిద్దరూ వెళ్తున్నారు.

నవ్వొచ్చింది. పళ్ళు కనబడేలాగే నవ్వింది. కింద ఇంకొక్క సూత్రం మిగిలింది: 'అతను గుండెలు బాదుకుంటూ మీదికి వచ్చినను పరుగెత్తరాదు. ఉన్నచోటనే ఉండవలెను. అది చాలావరకు చప్పుడే.' ఆ వాక్యాన్ని తెలుగులో రాయలేదు. అది తనకోసం అట్టేపెట్టుకుంది.

నాగభూషణానికి రాస్తున్న తెలుగు పుస్తకం నలభై ఆరో పేజీతో ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే కంపెనీ పేరు లేని తెల్లకాగితం ఒకటి తీసి మగ్దలీనకు రాసింది. 'మీ బడిలో జంతుశాస్త్రం చదువుకున్నదానికి ఏదైనా పని ఉంటుందా? ఏడాదికైనా సరే. గొరిల్లాలను చూపిస్తానంటే మాత్రం కాదు, పని ఉంటేనే.' ఐదు వారాలకు జవాబు వచ్చింది. సైన్సు చెప్పే ఆవిడ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట, పెద్ద టీచరు సుందరి ఉత్తరం చదివి, ఈవిడ ఇంగ్లీషు మనందరికన్న బాగుంది, వెంటనే రమ్మనండి అందట. ఓడ ఖర్చు బడివాళ్ళదేనట. పక్కన దానియేలు పెన్సిలుతో కలిపాడు: 'వదినగారూ, మీరొస్తే మా ఆవిడ నాతో దెబ్బలాడ్డం తగ్గుతుంది. దయచేసి రండి.'

పాసుపోర్టు దరఖాస్తుకు ఫొటో కావాలంటే స్టేషను రోడ్డు స్టూడియోకు వెళ్ళింది. స్టూడియో కొండబాబు కుర్చీ వేసి, దాని వెనక ఆమెను నిలబెట్టి, వీధి గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు. "అయ్యగారు ఎప్పుడొత్తారండి?"

"రారు. నేనొక్కదాన్నే."

"ఒక్కరేనాండి?" కొండబాబు ఇబ్బంది పడిపోయాడు. "ఒంటి ఫొటో అంటే పెళ్ళిసంబంధాలోల్లకి తీత్తామండి. లేపోతే... దండేసే ఫొటోకి తీత్తామండి."

"ఆ రెండూ కానిది తియ్యి" అని సుందరి కుర్చీలో కూర్చుంది.

ఇంటికి వచ్చి దరఖాస్తు నింపి, సంతకం దగ్గర ఆగిపోయింది. డిగ్రీ పరీక్ష హాల్లో పెట్టిందే ఆఖరు. ఆమె సంతకం కావలసిన కాగితం పెళ్ళయ్యాక ఆ ఇంటికి ఒక్కటీ రాలేదు. ఆయన సంతకం ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని గియ్యగలదు. ఆ తోక ఎక్కడ తిరుగుతుందో, చుక్క ఎక్కడ పడుతుందో తెలుసు. తనది గుర్తు రాలేదు. పాత కాగితం వెనక నాలుగుసార్లు రాసి చూసుకుంది. అయిదోది నచ్చింది. అదే పెట్టింది.

జూను నెలలో ఒక ఆదివారం పూట, అందరూ ఇంట్లో ఉండగా, హెడ్డు కానిస్టేబుల్ అప్పన్న సైకిలు దిగి, చంకలోని కాగితాల కట్ట తీసి, "త్రిపురసుందరిగారంటే ఎవులండీ?" అన్నాడు.

"మా కోడలు బాబూ. ఏటి సేసింది?" అంది అత్తగారు కంగారుగా.

"ఏటీ సేయలేదు, పాసుపోర్టు ఎంకోరీ" అన్నాడు అప్పలనరసింహం, అరుగుమీద నాగభూషణం పక్కనుంచి లేచి. "నాదైపోయింది గదండీ హెడ్డుగారూ? మా బావదీ అయిపోయింది."

"తమది కాదండి. అమ్మగారిది." అప్పన్న కాగితం కంటికి దూరంగా పట్టుకుని చదివాడు. "ఉద్దేశం, ఉపాజ్ఞాయినిగా ఉద్యోగం. బాలికల పాఠశాల. కబాలే, యుగాండా. కాలం, ఒక సంవచ్చరం."

సుందరి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏడాదా?" అప్పలనరసింహం గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. రెండడుగులు ముందుకు వచ్చాడు, చెయ్యి గాల్లో ఆడిస్తూ. "ఎవుల్నడిగి ఎట్టేవీ దరకాస్తు? ఎవుల్నడిగేవు?"

ఇలాంటప్పుడు ఆమె వంటింట్లోకి వెళ్ళిపోవడం రివాజు. వెళ్ళలేదు. ఆయన కూడా మూడో అడుగు వెయ్యలేదు.

"మీరు నా పేరు కొట్టేసినప్పుడు ఎవర్ని అడిగారో, నేనూ వాళ్ళనే అడిగానండీ" అంది.

"ఓలమ్మోలమ్మ" అంది అత్తగారు. ఆవిడ ముఖంలో కోపంకన్న భయం ఎక్కువ ఉంది. హెడ్డు ముందు పరువు పోతోందని, ఎలాగైనా దీనికో దారి చూడాలని, గొంతు తగ్గించి, "ఏటే, మళ్ళీ మొక్కేటైనా ఉందేటే? ఉంటే సెప్పీ. మొక్కంటే ఎవులూ ఏటీ అనరు" అంది.

నిజంగా మంచి దారే. ఔనంటే చాలు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నాగభూషణం కూడా ఆశగా చూస్తున్నాడు. సుందరి ఆవిడను జాలిగానే చూసింది. పాపం, ఈ ఇంటినుంచి బయటపడ్డానికి ఆవిడకు తెలిసిన తలుపు అదొక్కటే. ఎన్నిసార్లు దాన్ని తోసుకుని వెళ్ళిందో, ఏ కొండ చూడాలని వెళ్ళిందో, ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు.

"మొక్కు కాదత్తయ్యా. నాకు చూడాలని ఉంది. పిల్లలకు పాఠం చెప్పాలని ఉంది. అంతే."

అప్పన్న గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి ఎంక్వయిరీ అతని సర్వీసులో లేదు. కలం మూత తీసి, అప్పలనరసింహం వైపు తిరిగాడు. "ఇక్కడో గడుందండి. భర్తగారికి అభ్యంతరం ఉందా, లేదా? తమరు సెప్తే రాసుకుంతానండి."

అప్పలనరసింహం నోరు తెరిచాడు. ఆమె వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, గది లోపల బల్లమీద ఉన్న కాగితాల దొంతర వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం కరిగి, దాని కిందనుంచి ఇంకేదో బయటపడింది. బజారులో చెయ్యి వదిలేసిన పిల్లవాడి ముఖం.

"మరి నా ఉత్తరాలెవులు రాత్తారే?" అన్నాడు.

పదేళ్ళలో ఆయన నోటివెంట వచ్చిన మొదటి నిజం అది. కూర ఎవరు వండుతారనలేదు, తల్లిని ఎవరు చూస్తారనలేదు, నువ్వు లేకపోతే ఎలా ఉంటుందనీ అనలేదు. సుందరి ఒక్క క్షణం ఆగింది, ఇంకేమైనా అంటాడేమోనని. అనలేదు.

"అన్నయ్యగారున్నారు కదండీ" అంది, నాగభూషణాన్ని మర్యాదగా చూపిస్తూ. "నా బదులు ఆఫ్రికా వెళ్ళగలవారు, నా బదులు నాలుగు ఉత్తరాలు రాయలేరా?"

నాగభూషణం కండువా దులుపుకుని అరుగు దిగాడు. చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అప్పన్న కలం ఇంకా గాలిలోనే ఉంది. "ఏటని రాసుకోమంతారండీ?"

సుందరి మెట్లు దిగి, అతని కాగితం ఎదుట నిలబడింది.

"ఆయనడిగింది ఉత్తరాల గురించండీ హెడ్డుగారూ. నా గురించి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. లేదనే రాసుకోండి."